గోల పెంచమన్న ఆవిడ

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏడేళ్ళు ఊరందరి మాటలూ కలిపిన మనిషి, ప్రాణస్నేహితురాలు ఫోన్లో అన్న నాలుగు మాటలు వినబడక ఆ స్నేహాన్నే తెంపుకుందంటే వినేవాళ్ళకు నవ్వు రావచ్చు. జరిగింది మాత్రం అదే.

ఆవిడను అందరూ పదిహేడు అనేవారు. ఎక్స్ఛేంజి హాల్లో ఒకే వరుసలో నలభై సీట్లు, నలభై మంది ఆడవాళ్ళు. సూపర్‌వైజరమ్మకు అన్ని పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక లేక, వెనక నడుస్తూ సీటు నంబరు పెట్టి కేకేసేది. ఆ నంబర్లే వాళ్ళకు అతుక్కుపోయాయి. కొన్నాళ్ళకు ఇళ్ళల్లోకీ వచ్చేశాయి. పదిహేడు కూతురికి మాటలు వచ్చేనాటికి ఆ పిల్లకు పదహారు పిన్ని, ముప్ఫైమూడు అత్త, పద్దెనిమిది పెద్దమ్మ ఉండేవారు. బళ్ళో ఎక్కం అప్పజెప్పమంటే "పద్దెనిమిది ఒకట్లు పెద్దమ్మ" అని చెప్పి టీచరును నవ్వించిందట.

అందరిలోకీ పద్దెనిమిదే దగ్గర. ఇరవై ఏడేళ్ళు మోచేతికి మోచెయ్యి తగిలేలా కూర్చున్నారు. ఉద్యోగాలు పోయాక కూడా గురువారం గురువారం పదకొండింటికి పద్దెనిమిది ఫోన్ చేసేది. అవతల ఏం చెబుతోందో పదిహేడుకు రెండేళ్ళుగా సగం సగమే అందుతోంది. మాటలు వస్తాయి, కానీ అంచులు అరిగిపోయి వస్తాయి. అందుకని ఆవిడ ఒక ఉపాయం పట్టుకుంది. మాట ఆగిన చోటల్లా "అవునవును" అనడం, గొంతు పైకి లేస్తే "అలాగే" అనడం, చివర్లో "సరే, మంచిది" అనడం. రోజులు బాగానే గడిచిపోయాయి.

ఒక గురువారం పద్దెనిమిది అడిగింది: "ఏమే, రెండు నెలల్నుంచీ మా ఇంటివైపు తొంగి చూడట్లేదు. నా మీద కోపమా?"

"అవునవును," అంది పదిహేడు.

"నేనేం తప్పు చేశానే?"

"అలాగే."

"అయితే ఇక ఫోన్ చెయ్యొద్దంటావా?"

"సరే, మంచిది."

ఫోన్ పెట్టేసి, ఇవాళ కబుర్లు తొందరగానే అయిపోయాయే అనుకుంటూ పదిహేడు వంటింట్లోకి వెళ్ళింది.

మూడు నెలలు ఫోన్ మోగలేదు. మోగినా తనకే వినబడటం లేదేమో అనుకుంది ఆవిడ. అసలు సంగతి బయటపడింది కూతురి వల్ల. కూతురికి ఇంటి కింది భాగంలోనే కుట్టుపని. ఆరు మెషిన్లు, ఆరుగురు ఆడపిల్లలు. దారాల కోసం వెళ్ళిన కొట్లో ఆమెకు పద్దెనిమిది కోడలు ఎదురై, "మా అత్తగారు మీ అమ్మగారి మీద బెంగతో సరిగ్గా తినడం లేదండీ, అంత మాట ఎందుకన్నారు?" అని, ఆ రోజు ఫోన్లో నడిచిన మాటలన్నీ చెప్పి నిలదీసింది. కూతురు ఇంటికి పరిగెత్తుకొచ్చి, ఎంత అరిచినా తల్లికి సగమే ఎక్కుతోందని, గుడ్డ కత్తిరించే బల్ల మీద ఖాకీ కాగితం పరిచి, సుద్దముక్కతో ఆ మూడు ప్రశ్నలూ, ఈ మూడు జవాబులూ రాసింది.

పదిహేడు ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"ఇన్నిసార్లు చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఆ చెవి మెషిన్లు పెట్టుకోమ్మా అని," కూతురు గొంతు పెంచింది. "తొమ్మిది రోజులు పెట్టుకుని గుండీల డబ్బా పక్కన పడేశావు. ఎందుకమ్మా అంటే చెప్పవు."

"పడలేదే," అంది తల్లి.

"ఏం పడలేదు?"

ఏం పడలేదో ఆవిడకూ సరిగ్గా తెలియదు. "పడలేదంతే," అంది. తర్వాత కాసేపటికి, కాగితం మీది సుద్దగీతలను చూస్తూ, తనంతట తనే అంది: "ఎక్కడికి తీసుకెళ్తావో తీసుకెళ్ళు."

ఈసారి చెవి మెషిన్లు అమ్మిన కొట్టుకు వెళ్ళలేదు. కళ్ళద్దాల షాపు పైన, రెండో అంతస్తులో చెవుల పరీక్షలు చేసే చోటుంది. అక్కడి అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. జుట్టు పెన్సిలుతో ముడేసుకుంది. మామూలు పరీక్షలు ముగించి, కాగితం మీద గీతలు చూసి, "వినికిడి తగ్గింది కానీ మెషిన్ పనిచెయ్యనంత కాదమ్మా," అంది. తర్వాత ఎదురుగా కూర్చుని పెదాలు కనబడేలా నెమ్మదిగా చెప్పింది.

"చాలామంది మెషిన్లు సొరుగులో పెట్టేస్తారు. వినబడక కాదు, వెనకాల గోల భరించలేక. అందుకని మీరు ఎంత గోల ఓర్చుకోగలరో ముందు కొలుద్దాం. ఒకాయన కథ చెబుతుంటాడు. బొటనవేలు పైకెత్తితే గొంతు పెంచుతాను, కిందికి చూపిస్తే తగ్గిస్తాను. మీకు హాయిగా ఉన్న చోట అరచెయ్యి చూపించండి. తర్వాత వెనక పన్నెండుమంది ఒకేసారి మాట్లాడే గోల పెడతాను. కథ వింటూ, అలిసిపోకుండా, విసుక్కోకుండా ఎంత గోల సరేననిపిస్తే అక్కడ ఆపండి. పళ్ళు బిగించి భరించొద్దు. ఇది పోటీ కాదు."

"పోటీ కాదు," అని ఒప్పుకుంది పదిహేడు.

గోడలకు మెత్తటి పలకలు అంటించిన చిన్న గది. ఒక కుర్చీ, ఒక అద్దం కిటికీ. కిటికీ అవతల ఆ అమ్మాయి, ఆమె వెనక చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూతురు. తలుపు మూయగానే ఆవిడకు గుండెలో ఏదో పట్టేసినట్టయింది. ఇలాంటి నిశ్శబ్దం తను ఎక్కడో ఎరుగును. ఎక్కడో గుర్తు రాలేదు.

చెవుల మీద హెడ్‌ఫోన్లలో మగగొంతు మొదలైంది. రైలు గేటు దగ్గర కాపలా ఉండే ఒకతను, అతని మేక. రోజూ తొమ్మిదింటి బండి రాగానే మేక గేటు పక్కకు వచ్చి నిలబడుతుంది. ఒకరోజు బండి వచ్చింది, మేక రాలేదు. పదిహేడు వేలు పైకెత్తింది, కిందికి దించింది, మళ్ళీ కాస్త పైకెత్తి అరచెయ్యి చూపించింది.

అప్పుడు వెనకనుంచి గోల మొదలైంది.

ముందు దూరంగా, గోడ అవతల జనం ఉన్నట్టు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒకరి మాట మీద ఒకరు, ఏ మాటా విడిగా దొరకని మాటలు. ఆవిడ బొటనవేలు దానంతటదే పైకి లేచింది. గోల దగ్గరకొచ్చింది. ఇంకా. గోల గదిలోకి వచ్చేసింది. ఆవిడ భుజాలు వదులయ్యాయి, వీపు కుర్చీకి ఆనింది. అద్దం అవతల అమ్మాయి కనుబొమలు ఎగరేసి, 'చాలా?' అన్నట్టు చూసింది. పదిహేడు వేలు దించలేదు.

ఇది ఎక్స్ఛేంజి హాలు చప్పుడే.

ఉద్యోగంలో చేరిన రోజు ఆ చప్పుడుకే ఏడ్చింది తను. నలభై గొంతులు ఒకేసారి "నంబర్ ప్లీజ్", "లైన్లో ఉండండి", "మాట్లాడండి, మాట్లాడండి" అంటుంటే, బోర్డు మీద చిన్న లైట్లు వెలిగి ఆరుతుంటే, లైను కలిపే తాడును ఏ రంధ్రంలో గుచ్చాలో తెలియక గాల్లోనే పట్టుకుని ఉండిపోయింది. మధ్యాహ్నానికి హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, రేపట్నుంచి రానని పక్క సీటులోని పద్దెనిమిదితో చెప్పేసింది. ఆవిడ తనకంటే నాలుగేళ్ళు పెద్ద, అప్పటికే ఆరితేరిన చెయ్యి. తన లైను మాట్లాడుతూనే, తాడు గుచ్చుతూనే, తల తిప్పకుండా అంది: "గోలతో దెబ్బలాడకే. బస్సులో పక్కన కూర్చున్న మనిషి అనుకో. ఉంటే ఉండనీ. నీ మాట నువ్వు మాట్లాడుకో."

వారం తిరిగేసరికి గోల పక్కకు జరిగి కూర్చుంది. నెలకు, అది లేకపోతే తోచని స్థితికి వచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్తే గదులు బోసిగా అనిపించేవి.

ఒక వానాకాలం మధ్యాహ్నం గాలివాన కొట్టింది. దూరపు లైన్లు చాలావరకు తెగిపోయాయి, మిగిలిన వాటి మీద జనమంతా ఒక్కసారే పడ్డారు. బోర్డు మొత్తం వెలిగిపోయింది. సూపర్‌వైజరమ్మ ఒంటికాలి మీద లేస్తోంది. ఆ గోలలో పదిహేడో సీటుకు ఒక లైను తగిలింది. ఆడగొంతు, దారమంత సన్నగా. ఎక్కడో ఆరోగ్యకేంద్రంలో నర్సు. పురుడు అడ్డం తిరిగింది, బండి పంపమంటోంది. ఏ ఊరో మాత్రం చెప్పిన ప్రతిసారీ సగంలో గాలి మింగేస్తోంది. పదిహేడు పక్కకు చూసింది, అంతే. పద్దెనిమిది తన లైన్లన్నీ వదిలేసి, తన తాడు కూడా అదే లైనులో గుచ్చి, కళ్ళు మూసుకుంది. "మళ్ళీ చెప్పమ్మా, ఇద్దరం వింటున్నాం." ఊరి పేరులో మొదటి సగం పద్దెనిమిదికి దొరికింది, రెండో సగం పదిహేడుకు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, రెండు ముక్కలూ కలిపి ఒకేసారి గట్టిగా అన్నారు. బండి వెళ్ళింది. తల్లీబిడ్డా బతికారని రెండు రోజుల తర్వాత ఆ నర్సే ఫోన్ చేసి చెప్పింది. లైన్లు వదిలేసినందుకు పద్దెనిమిదికి సూపర్‌వైజరమ్మ చేత చీవాట్లు పడ్డాయి. ఆ చీవాట్లు తింటూ ఆవిడ నవ్వాపుకోలేక బుగ్గ కొరుక్కోవడం పదిహేడు ఇన్నేళ్ళలో ఎప్పుడూ మరచిపోలేదు.

ఆ తర్వాత మనుషులు కలపక్కర్లేని యంత్రాలు వచ్చాయి. ఆఖరి రోజు నాలుగింటికి బోర్డులకు కరెంటు తీసేశారు. నలభై మందీ లేచి నిలబడ్డారు. ఆ హాల్లో నిశ్శబ్దం వినడం వాళ్ళకు అదే మొదటిసారి.

అదీ. ఇందాక తలుపు మూసినప్పుడు గుండెను పట్టేసిన నిశ్శబ్దం అది.

పదిహేడు ఉలిక్కిపడి అరచెయ్యి చూపించింది. గోల ఆగింది. కళ్ళు తుడుచుకుంటుంటే తలుపు తీసుకుని ఆ అమ్మాయి కంగారుగా వచ్చింది.

"నొప్పిగా ఉందా అమ్మా? చెప్పానుగా, ఓర్చుకోవద్దని."

"నొప్పేమీ లేదు తల్లీ. మేక దొరికిందా?"

"ఏ మేక?"

"గేటతని మేక. ఊరి చివర ఇటుకబట్టీ దగ్గర గంట చప్పుడు వినబడిందన్నాడు. అక్కడికెళ్ళాడా మరి?"

అంత గోలలో ఆవిడకు కథ తప్పిపోయి, ఊరికే వేలు ఎత్తుతోందని ఇంతసేపూ అనుకుంది అమ్మాయి. "అక్కడితో రికార్డు అయిపోతుందమ్మా. నాకూ తెలీదు," అని, "ఇంకో రెండుసార్లు చేద్దామా?" అని అడిగింది. చేశారు. మూడుసార్లూ ఒకే చోట ఆగింది.

బయట బల్ల దగ్గర ఆ అమ్మాయి కాగితం మీద రెండు అంకెలు వేసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది. "కథ గొంతు డెబ్భై డెసిబెల్స్ దగ్గర హాయిగా ఉందన్నారు. గోల అరవై ఎనిమిది దాకా రానిచ్చారు. తేడా రెండు. ఇది ఏడు లోపుంటే మెషిన్ పెట్టుకుని తిరుగుతారని లెక్క. పదమూడు దాటితే సొరుగులో పెట్టేస్తారని లెక్క. మీకు రెండొచ్చింది, అయినా సొరుగులో పెట్టారు. నాకు తల గోక్కోవాలనిపిస్తోందమ్మా. అది పెట్టుకుంటే మీకు ఏమవుతుంది, అది చెప్పండి."

పదిహేడు కూతురివైపు ఒకసారి చూసింది. ఇన్నాళ్ళూ దొరకని మాట ఇప్పుడు దొరికింది, కానీ కూతురి ముందు చెప్పడానికి నోరు రాలేదు. చివరికి చెప్పేసింది. "ఇల్లు చచ్చిపోయినట్టుంటుంది. ఎదురుగా ఉన్న మనిషి గొంతు ఒక్కటే గోడకు మేకు కొట్టినట్టు వినబడుతుంది. కింద మెషిన్లు ఆగిపోతాయి. ఆ పిల్లల నవ్వులుండవు. వీధి ఉండదు. నేను ఒక్కదాన్నే మిగిలినట్టుంటుంది. అది తీసేస్తే, బూజు బూజుగానైనా, అందరూ ఉన్నట్టుంటుంది."

అమ్మాయి చెవి మెషిన్లు రెండూ తీసుకుని కంప్యూటరుకు తగిలించింది. తెర చూసి, పెదవి విరిచింది. "గోల తగ్గించేది ఆఖరి గీతదాకా తిప్పేసి పెట్టారు. ఇంత ఎవరు పెట్టమన్నారు?"



"నేనే," అంది కూతురు. చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంటోంది. "ఆరు మెషిన్ల మధ్య ఉండాలి కదా, పెద్దదైపోయింది, గోల పడదేమోనని నేనే కొట్టువాళ్ళతో చెప్పాను. ఎంత వీలైతే అంత తగ్గించమన్నాను." తర్వాత తల్లివైపు తిరిగి, ఆవిడకు వినబడేలా గట్టిగా, దాదాపు ఏడుపు గొంతుతో అంది: "నువ్వు కిందికి వస్తే మెషిన్ల దగ్గర పిల్లల్ని నోరు ముయ్యమని సైగ కూడా చేసేదాన్నమ్మా. నీకు తలనొప్పి వస్తుందని."

పదిహేడుకు ఇప్పుడు అర్థమైంది. తను మెట్లు దిగితే ఆ పిల్లలు ఎందుకు తలలు దించేసుకుంటారో, తన గురించే ఏదో అనుకుంటున్నారని ఎన్ని మధ్యాహ్నాలు చిన్నబుచ్చుకుని మళ్ళీ పైకి వెళ్ళిపోయిందో.

"పిచ్చిమొహమా," అంది. కూతురి వేలికి బిగిసిన పట్టీని విప్పింది.

అమ్మాయి ఆ గీతను బాగా కిందికి దింపింది. మెషిన్లు ఇస్తూ ఒక సంగతి ఖచ్చితంగా చెప్పింది. "ఇవాళ కొలిచింది మీ ఓర్పునమ్మా, వినికిడిని కాదు. గోలలో మాటలు తప్పిపోతాయి. పాత చెవులు తిరిగి రావు. తప్పిపోయినప్పుడు మళ్ళీ చెప్పమని అడగాలి."

"అది నాకు చేతకాదు," అంది పదిహేడు, నిజాయితీగా.

మరుసటి గురువారం ఆవిడ ఫోన్ చెయ్యలేదు. కూతుర్ని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి పద్దెనిమిది ఇంటికి వెళ్ళింది. కూతురు గుమ్మం దాకా వచ్చి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది. పద్దెనిమిది తలుపు తీసింది. మనిషి చిక్కింది. ఎదురుగా ఉన్నదెవరో చూసి, రమ్మని అనకుండా, వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

ముందుగదిలో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు.

"కోపం పోయిందా?" అంది పద్దెనిమిది గోడవైపు చూస్తూ.

"లేని కోపం ఎలా పోతుందే? నువ్వు అడిగింది నాకు వినబడలేదు."

"వినబడకపోతే అవునని ఎందుకన్నావు?"

"అవునంటే ఎవరూ రెండోసారి అడగరు. రెండేళ్ళుగా అందరికీ అవునే అంటున్నాను. లక్షల కాల్స్ కలిపినదాన్ని, నీతో 'వినబడలేదు, మళ్ళీ చెప్పు' అని ఎలా అనను? ఇంకెవరితోనైనా అనొచ్చు. నీతో ఎలా అనను?"

పద్దెనిమిది గోడ మీంచి చూపు తిప్పి మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. అప్పుడు అంది: "మూడు నెలలు నిద్ర లేకుండా చేశావు కదే. ఏం తప్పు చేశానా అని మొదట్నుంచీ తవ్వుకుంటూ పోయాను. చివరికి మన ఉద్యోగం మూడో ఏట నీ గొడుగు పోగొట్టిన సంగతి నీకు ఎవరో చెప్పేశారనుకున్నాను."

"ఏ గొడుగు?"

"నీలం అంచుది. బస్సులో మర్చిపోయాను."

"అది నువ్వా!" పదిహేడు కుర్చీలోంచి సగం లేచింది. "పాపం పదహారును అనుమానించానే! ఆర్నెల్లు దానితో సరిగ్గా మాట్లాడలేదు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు ముందు ఎవరికి వచ్చిందో గాని, పద్దెనిమిదికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా ఆగలేదు. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, వెనక్కి వెళ్ళి టీ పెట్టింది.

టీ తాగుతూ పదిహేడు లేచి కిటికీ తెరిచింది. కింద బస్సులు, హారన్లు, కేకలు గదిలోకి వచ్చిపడ్డాయి. ఆవిడ మొహం విప్పారింది. పద్దెనిమిది రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"వెయ్యవే తల్లీ! నాకు సూది పడ్డా వినబడుతుంది, కానీ గోల మాత్రం పడటం లేదు. నాలుగేళ్ళ నుంచి ఇంతే."

పదిహేడు నమ్మలేనట్టు చూసింది. "నువ్వా? గోలతో దెబ్బలాడొద్దని నాకు చెప్పిన దానివి!"

"అప్పుడు చెప్పాను. ఇప్పుడు అదే నాతో దెబ్బలాడుతోంది."

పదిహేడు కిటికీ సగం వేసి, సగం వదిలేసింది. పద్దెనిమిది కాస్త మొహం చిట్లించింది గాని, ఊరుకుంది. ఆ సగం కిటికీ పక్కన కూర్చుని నలభై మందిలో ఎవరు ఎక్కడున్నారో, ఎవరు లేరో చెప్పుకున్నారు. ముప్ఫైమూడు కళ్ళ ఆపరేషను, ఆరో సీటావిడ మనవరాలి చదువు, పోయినేడాది పోయిన సూపర్‌వైజరమ్మ. ఆఖరి రోజుల్లో ఆవిడ తనను చూడ్డానికి వచ్చిన వాళ్ళను సీటు నంబరు తప్పులేకుండా పిలిచిందట. ఒక బస్సు పోతూ పద్దెనిమిది మాట ఒకటి మింగేసింది. పదిహేడు నోట్లో "అవు" దాకా వచ్చింది. ఆపుకుంది.

"ఏంటీ? బస్సు పోయింది. మళ్ళీ చెప్పు."

పద్దెనిమిది మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పాల్సి వచ్చింది. అది పెద్ద ముఖ్యమైన మాటేమీ కాదు, పదహారు ఇప్పుడు పిల్లిని పెంచుతోందని.

అప్పట్నుంచి గురువారాలు ఫోన్లో కాకుండా ఆ ఇంట్లోనే గడిచాయి. పదిహేడుకు కొన్ని మాటలు అందేవి, కొన్ని అందేవి కావు. కింద కూతురి దగ్గర కుట్టే పిల్లలు మాత్రం ఇప్పుడు ఆవిడ మెట్లు దిగితే నోళ్ళు మూసుకోవడం మానేశారు. ఆవిడ వాళ్ళ మధ్య స్టూలు వేసుకుని, గుండీలు కుడుతూ, ఆరు మెషిన్ల చప్పుడులో పొద్దుపోయేదాకా కూర్చునేది.